ఎవరి సర్వీసు ముందు

ఆ ఆఫీసులో సర్వర్ చూసుకునేది ఒక్క మనిషే. అందరూ ఆవిణ్ణి సర్వర్ మేడమ్ అనేవాళ్ళు. లినక్స్ మిషన్ ఆన్ అవగానే ఏ సర్వీసు ప్రోగ్రామ్ దానంతటదే మొదలవ్వాలో, దేని తర్వాత ఏది లేవాలో ఆవిడే రాసిపెట్టింది. ముందు డేటాబేసు, తర్వాత హాజరు, ఆ తర్వాత ఫిర్యాదులు, చివర్లో హాల్లో తెర మీద పెద్దసారు ఫోటోతో స్వాగతం.

ఒకరోజు మిషన్ రీస్టార్ట్ చేస్తుంటే పెద్దసారు వెనక నిలబడి చూశారు. తన స్వాగతం అట్టడుగున కనిపించేసరికి మొహం మాడిపోయింది.

"నేను ఆఖరా?"

"డేటాబేసు లేవకపోతే హాజరు ఎక్కడ రాసుకుంటుంది సార్?"

"మర్యాదంటూ ఒకటుంటుందమ్మా. హోదా ప్రకారం పెట్టండి."

మర్నాడు సంతకంతో సహా కాగితం వచ్చింది. మొదట స్వాగతం. తర్వాత చిన్నసారు చూసే హాజరు. ఆ తర్వాత హెడ్ క్లర్కు ఫిర్యాదులు. డేటాబేసు ఎవరి కిందా లేదు కాబట్టి ఆఖరు.

ఆవిడ రెండుసార్లు గదికెళ్ళి చెప్పి చూసింది. వింటేగా! విసుగొచ్చి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు పెట్టేసి మిషన్ రీస్టార్ట్ చేసింది.

డేటాబేసు లేచేదాకా కదలనని హాజరు ఫైల్లో పాత మాట అలాగే ఉంది. హాజరు లేచేదాకా ఆగమని డేటాబేసుకు కొత్త ఆజ్ఞ. నువ్వు ముందంటే నువ్వు ముందు. ఆ తగువు తెగక మిషన్ హాజరును లేపడమే మానేసింది.

మూడోరోజు పైఆఫీసు నుంచి మెమో దిగింది. ఆఫీసు మొత్తం గైర్హాజరు. జాబితాలో మొదటి పేరు పెద్దసారుదే.

ఆయన పరుగున వచ్చారు. "ఏం చేశారమ్మా!"

"మీరు చెప్పిందే సార్." నవ్వు ఆపుకోలేక ఆవిడ తెర వైపు తిరిగిపోయింది.

ఆయన తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించారు. "పాతదే పెట్టేయండి. కానీ నా వరసే నడుస్తున్నట్టు ఉండాలి."

ఆవిడ ఫైళ్ళు యథాప్రకారం సరిచేసింది. మిషన్ రీస్టార్ట్ చేస్తే అన్నీ బుద్ధిగా లేచాయి. పెద్ద అట్ట మీద హోదా వరస రాసి సర్వర్ గది తలుపుకి అంటించింది. వారం తిరక్కుండానే, కొత్త విధానంతో పని చురుకందుకుందని పెద్దసారు అందరికీ సర్క్యులర్ పంపారు.

ఆ సాయంత్రం చిన్నసారు వచ్చి అట్ట ముందు చాలాసేపు నిలబడ్డారు.

"నా సర్వీసు కింద గీత సన్నగా ఉందేంటి?"

ఆవిడ మార్కర్ తీసి గీత లావు చేసింది.

"చూశారా," అన్నారాయన తృప్తిగా, "హాజరు ఇప్పుడే కాస్త వేగంగా తెరుచుకుంటోంది."