రెండో చీర పెట్టని సంచి

నా బిడ్డ సాలవ్వ సంచిలో రొట్టెల మూట, సలహాకు రమ్మని వచ్చిన దవాఖానా చీటీ పెట్టాను. రెండో చీర మాత్రం పెట్టలేదు. మార్చుకోను బట్ట లేకపోతే మనిషి రాత్రికి పరాయి ఊళ్లో నిలవదు. దాని తండ్రి బొంబాయి పోయిననాడు మూడు జతలు సర్దింది నేనే. ఆయన జాడ ఇప్పటికీ లేదు.

"కామారెడ్డికి పోయి మాపటికి వస్తనే అవ్వా. గిదేంది, అత్తగారింటికి తోలినట్టు ఏడుస్తున్నవ్?" అంది నా బిడ్డ.

"టీబీ తగ్గినంక డాక్టర్లకు నీతోని ఏం పని? జబ్బుమనిషిని సలహా అడుగుతరా ఎక్కడన్న? నెత్తురు తీస్తరేమో."

"నా ఒంట్ల నెత్తురుంటే కద, తీసేది!"

నమ్మకం కుదరక, మా ఎల్లారెడ్డిలో దాని వెంట నేనూ బస్సెక్కాను.

కామారెడ్డిలో హైదరాబాద్ డాక్టరమ్మ సాలవ్వను తన పక్కనే కుర్చీలో కూర్చోబెట్టింది. టీబీ మందులు మధ్యలో మానేసేవాళ్ల గురించి పరిశోధనట. రోగులను ఏమడగాలో ఆ రోగం పడ్డవాళ్లే చెప్పాలట. చాయ్ ఇచ్చారు. మత్తుమందు కలిపారేమోనని నేను వాసన చూసి పక్కన పెట్టాను.

"అడుగుతరు సరే. ఆఖరికి మీకు తెలిసింది మాకెవరు చెప్తరు?" అంది సాలవ్వ.

"నేనే వస్తాను. మీ అరుగు మీద కూర్చుని అందరికీ చదివి వినిపిస్తాను," అంది డాక్టరమ్మ.

"తెలుగుల రాయుండ్రి. నాకు చదవొస్తది," అన్నాను. బీడీకట్టల లేబుళ్లు కూడబలుక్కుంటూ నేర్చుకున్న చదువు నాది.

మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు దగ్గును దాచేవాళ్లు. తెలిస్తే కార్ఖానాలో చుట్టడానికి ఆకు ఇవ్వరు, పని పోతుంది. సాలవ్వ ఇల్లిల్లూ తిరిగి, "పేర్లు బయట పెట్టరు, చెప్పుండ్రి. పూచీ నాది," అంది. డాక్టరమ్మ వచ్చి మా ఇంట్లోనే వారం ఉంది. పక్కింటి భూమక్క మొగుడికి కూడా చెప్పనిది ఆమెకు చెప్పింది.

వెళ్లేనాడు డాక్టరమ్మ సర్దుకోవడం చూశాను. దండెం మీది తడి తువ్వాలను కూడా పిండుకుని, తన సంచిలో పెట్టుకుంది.

"ఆరనియ్యి బిడ్డా. మళ్లొచ్చినప్పుడు తీస్కపో."

"ఎందుకులే అవ్వా," అని నవ్వింది.

ఎండాకాలం పోయింది. "ఏందే సాలవ్వా, మా ముచ్చట్లు మూటగట్టుకపోయిన నీ చుట్టం ఇంక రాదా?" అనేది భూమక్క, ఆకు కత్తిరిస్తూ. పూచీ పడ్డ నా బిడ్డ తలెత్తేది కాదు. బస్సు వచ్చే వేళకు అరుగు ఊడ్చేది.

రెండో చీర పెట్టని సాలవ్వ కామారెడ్డి నుంచి ఆ సాయంత్రమే నాతో తిరిగొచ్చింది. డాక్టరమ్మ 1987 ఉగాది ముందు వెళ్లింది. మళ్లీ రాలేదు.