పసుపు కాదు

చీకటి గదిలో ఊదా దీపం వేయగానే వడకాగితం మీద మరక పసుపుపచ్చగా మెరిసింది. విమలాదేవి ముందుకు వంగి చూసింది.

“ఇది మంచి గుర్తు కాదమ్మా,” అన్నాడు డాక్టర్ ఆనందరావు.

ఆమె భర్త వైకుంఠానికి కొన్ని నెలలుగా ముద్ద సయించడం లేదు. ఎక్స్‌రేలో ఏమీ తేలలేదు. అందుకని డాక్టరు కొన్నాళ్లు టెట్రాసైక్లిన్ గోలీలు మింగించి, ఆ పొద్దున గొట్టం వేసి కడుపు కడిగించి, ఆ నీళ్లను ఈ కాగితంలో వడగట్టించాడు. క్యాన్సర్ కణాలుంటే ఆ మందు వాటిని అంటిపెట్టుకుని ఈ ఊదా వెలుగులో మెరుస్తుందట.

వైకుంఠం గబుక్కున చేయి దీపం కింద పెట్టాడు. గోళ్ల సందుల్లో, అరచేతి గీతల్లో అదే మెరుపు.

“చూసిండ్రా డాక్టర్ సాబ్! మాదన్నపేటల మా తాత కాలం నుంచి పసుపు దుకాణం. నా ఒళ్లంత గిట్లనే మెరుస్తది. క్యాన్సర్ లేదు, గీన్సర్ లేదు!”

“పసుపూ మెరుస్తుంది, నిజమే. దుకాణం ధూళి కడుపులోకి పోయి ఉండొచ్చు. పసుపు తగలకుండా ఉండి రండి, మళ్లీ చూద్దాం.”

“మళ్లా ఆ గొట్టం మింగుడా? నాతోని కాదు,” అంటూ వైకుంఠం బయటికి నడిచాడు.

రిక్షాలో దారి పొడుగునా హుషారుగా మాట్లాడినవాడు, ఇంట్లో రెండు ముద్దలు తిని కంచం తోసేశాడు. విమలాదేవి దుకాణం తాళంచెవులు కొంగున ముడేసుకుంది.

“జహనుమా బస్తీల మా అక్క ఇంటికి పోదాం. అక్కడ పసుపు వాసన గూడ తగలనియ్య. మళ్లా పరీక్ష చేయించుకుందాం.”

“పాగల్ అయినవా? సీజన్ల దుకాణం బంద్ పెడ్తమా?”

“పసుపే అయితే మీకు ఫికర్ ఏంది?”

వైకుంఠం తలదించుకున్నాడు. “గొట్టానికి భయపడి కాదే… మళ్లా మెరుస్తదేమోనని.”

విమలాదేవి ఆయన పక్కన కూర్చుంది. “నాకూ భయమే. పక్కనే ఉంట గదా.”

జహనుమాలో ఉన్నన్నాళ్లూ అక్క వరమ్మ పాలు, అన్నమే పెట్టింది. వైకుంఠం గోళ్లు కత్తిరించుకుని, ఒళ్లు రుద్దుకుని, మళ్లీ గోలీలు మింగాడు, గొట్టమూ మింగాడు.

చీకటి గదిలో ముందు చేతులు దీపం కింద పెట్టించారు. ఎక్కడా మెరుపు లేదు. విమలాదేవి ఊపిరి పీల్చుకోబోయింది. అంతలో డాక్టరు వడకాగితం దీపం కిందికి జరిపాడు.

మెరిసింది.

వైకుంఠం చీకట్లో వెతికి భార్య చేయి పట్టుకున్నాడు.

“ఇదొక్కటే రుజువు కాదు. కడుపు తెరిచి చూడాలి. ఆలస్యం మాత్రం వద్దు,” అన్నాడు ఆనందరావు.

“రేపే చెయ్యుండ్రి,” అన్నాడు వైకుంఠమే.

కడుపు తెరిస్తే చిన్న గడ్డ దొరికింది. ఇంకా పక్కలకు పాకలేదు. కడుపులో కొంత భాగంతో సహా తీసేశారు. చాలా రోజుల తర్వాత నాలుగు చెంచాల జావ తాగి, ఉప్పు తక్కువైందని వైకుంఠం వార్డంతా వినబడేలా లొల్లి పెట్టాడు. విమలాదేవి వరండాలోకి వచ్చి, అన్నాళ్లూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.