చెవి కోసిన పోతు

దడి పక్కన గుంజ ఖాళీగా ఉండటం చూసి జ్ఞానమ్మకు విషయం అర్థమైంది. తాను మిరపకోతకు ట్రాక్టరెక్కగానే మొగుడు బాలశౌరి మేకపోతును సంతకు తోలుకెళ్ళాడు. ఆమె ఎవరినీ అడగలేదు. చేతుల మంట తగ్గడానికి గిన్నెలో మజ్జిగ పోసుకుని, వేళ్ళు అందులో ముంచి అరుగు మీద కూర్చుంది.

ఎండ దిగకముందే బాలశౌరి తిరిగొచ్చాడు. వెనకాల పోతు కూడా వచ్చింది. నిజానికి అతను దాన్ని తోలుకురాలేదు, అదే అతన్ని లాక్కొచ్చింది.

"ఎవరూ కొనలా?" అంది జ్ఞానమ్మ.

"అంతా నీ పుణ్యమే." పలుపు విసిరేసి కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పళ్ళు చూస్తారు. నడుం పట్టుకుని చూస్తారు. బాగా మేపావన్నా అంటారు. రేటు కూడా మాట్లాడతారు. ఆఖర్న చెవి చూస్తారు. చూసి చేతులు దులుపుకుని పోతారు."

"కసాయి మస్తాను కూడానా?"

"వాడే ముందు. ‘ఏ దేవుడిది బావా?’ అన్నాడు. యేసుప్రభువుది అన్నా. పగలబడి నవ్వాడు. ‘మీ యేసుప్రభువు కూడా చెవులు కోయించుకుంటన్నాడా?’ అని. సంత సంతంతా నవ్వింది."

"మరి యేసుప్రభువుదే గదా అని కొనొచ్చుగా."

"ఏ దేవుడిదైనా మొక్కుబడి పోతు నా కత్తి కిందకి రాకూడదన్నాడు. వాడికున్న భయం నాకు లేకుండా పోయింది చూడు." అతను గోడకు చేరగిలబడ్డాడు. "ఒకప్పుడు నాకూ ఉండేదిలే."

ఇంకొకప్పుడైతే ఆ చెవుల మాటకు జ్ఞానమ్మ కూడా నవ్వేది. కూతురు షారోను ఉండి ఉంటే నాలుగు రోజులు అదే చెప్పుకుని నవ్వేది. పోతుకు పేరు పెట్టింది ఆ పిల్లే. ఎన్నిసార్లు చెప్పినా వినదు, ఎంత లాగినా కదలదు కాబట్టి బైబిల్లోని మొండి రాజు పేరుతో ఫరో అని పిలిచేది. సండేస్కూల్లో పాస్టరయ్యగారికి కూడా చెప్పింది. దేవుని వాక్యంతో ఎగతాళా అని ఆయన కోప్పడబోయి, పోతును చూసి నవ్వి ఊరుకున్నారు.

షారోనుకు ఇంటర్ రెండో సంవత్సరంలో కిడ్నీలు పాడయ్యాయి. గుంటూరు పెద్దాసుపత్రిలో నెలల తరబడి ఉన్నారు. ఒకరోజు డాక్టరు వచ్చి చూసి, జ్ఞానమ్మతో ఏమీ చెప్పకుండా పక్క మంచానికి వెళ్ళిపోయాడు. ఆమె వరండాలోకి వచ్చి, బట్టలు ఆరేసిన కిటికీ ఊచలు పట్టుకుని మొక్కుకుంది. నా బిడ్డ తన కాళ్ళ మీద నడుచుకుంటూ ఇంటికి రావాలి ప్రభువా, వస్తే ఇంటికాడున్న మేకపిల్లను కోత పండక్కి నీకిస్తాను అంది. బిగ్గరగానే అంది. ఆ వరండాలో ఎవరి మొక్కులు వాళ్ళవి, పక్కవాళ్ళు వినరు.

షారోను నడిచే వచ్చింది. గురజాల రోడ్డు మీద బస్సు దిగి, ఆటో వద్దంది. క్వారీల తెల్ల దుమ్ములో, ఆ ఎండలో, మధ్యమధ్య ఆగుతూ, పల్లె అంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తుండగా ఇంటిదాకా నడిచింది. వెనకాల సంచీ మోస్తూ జ్ఞానమ్మ. ఆ రోజు ఆ దారిలో ఆమె ఏడ్చిన ఏడుపు సంతోషంతో ఏడ్చిందే.

మొక్కు సంగతి విని పక్కింటి పిచ్చమ్మ బ్లేడు పట్టుకొచ్చింది. వాళ్ళాయన రాళ్ళ క్వారీలో పని చేస్తాడు. వాళ్ళు మొక్కేది అంకమ్మ తల్లికి.

"మొక్కినాక చెవికి గుర్తు పెట్టాల. లేకపోతే మీ ఆయన ఏ కూర లేని రోజో కోసుకు తింటాడు."

"మాకు అట్టాంటివి లేవక్కా."

"ఇస్తానన్నావా లేదా? ఏ దేవుడైతే ఏందే, ఇచ్చిన మాటకి గుర్తుండొద్దా?"

షారోను ఫరో మొహాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిచ్చమ్మ చెవి కొస కోసింది. నైటీ మీద పడిన రక్తపు చుక్కను షారోను వేలితో తుడుస్తూ, "ఏంది ఫరో, జబ్బు నాకొస్తే చెవి నీకు పోయింది" అంది.

వానాకాలం వెళ్ళకముందే ఆ పిల్ల చనిపోయింది.

చావు తర్వాత పెట్టే ఆదరణ కూడికలో అందరూ తెల్లబట్టలు కట్టుకుని వచ్చారు. దేవుడికి ఇష్టమైనవాళ్ళనే ముందు తీసుకుంటాడని ఒకామె అంది. నీ కొడుకంటే ఆయనకు ఇష్టం లేదా అని జ్ఞానమ్మ నోటిదాకా వచ్చింది. మింగేసింది. బాలశౌరి విస్తళ్ళు తీసి, చేతులు కడుక్కుని, ఇంక చర్చి గడప తొక్కనన్నాడు. తొక్కలేదు.

ఇప్పుడు కోత పండగ వచ్చే ఆదివారమే. ప్రతి ఇంటివాళ్ళూ తొలి పంటో, కోడో, గుమ్మడికాయో తెస్తారు. ఆరాధనయ్యాక వాటిని వేలం వేస్తారు.

"ఇయ్యమాక," అన్నాడు బాలశౌరి, పోతును గుంజకు కడుతూ. "అమ్ముడుపోకపోతే చచ్చేదాకా ఇక్కడే ఉంటది. ఆయనకు మాత్రం ఇయ్యమాక. ఏం చేశాడని ఇస్తావే? నీ బిడ్డ బతికిందా?"

"బతకాలని మొక్కలా. నడిచి ఇంటికి రావాలని మొక్కా. వచ్చింది."

బాలశౌరి ఆమె వంక చూశాడు. "వచ్చి ఎన్నాళ్ళుండాలో కూడా చెప్పాల్నా ఆయనకి? ఆ మాత్రం తెలవదా?"

షారోను పోయిన దగ్గర్నుంచీ మిరపచేలో వంగి కాయ కోసేటప్పుడల్లా జ్ఞానమ్మ తనను తాను అడుగుతున్నది అదే. ఇంకో మాట కలిపి ఉంటే సరిపోయేదా? పెళ్ళి చేసుకుని పిల్లల్ని కనాలి అని కూడా అని ఉంటే? కడుపుకోత పడుతున్న మనిషి దరఖాస్తు రాసినట్టు మొక్కాలా? ఆమెకు దేవుడు లేడనిపించిన రోజులున్నాయి. ఉన్నాడనిపించిన రోజులు వాటికంటే కష్టంగా గడిచాయి.

శుక్రవారం పాస్టరయ్యగారు వచ్చారు. పేరు ప్రభుదాసు. గోడ మీద షారోను ఫొటో వైపు చూడకుండా కుర్చీలో కూర్చున్నారు. బాలశౌరి ఆయన్ని చూసి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

"పోతు సంగతి విన్నాను జ్ఞానమ్మా. దేవుడికి మేకపోతులతో పనేముంది? నీ మనసుకు కష్టమైతే తేవద్దు. నిన్నెవరూ ఏమీ అనరు. నేను అననివ్వను."

తెచ్చి తీరాలని కోప్పడితే తిరగబడదామనుకుంది ఆమె. ఆయన అట్లా వదిలేసేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి నిలబడింది.

"అయ్యగారూ, మట్టి చేసేటప్పుడు ఒక మాట చెప్పారు. ఆఖరి రోజున నా బిడ్డ సమాధిలోంచి లేస్తదన్నారు. అది ఖాయమేనా?"

"ఖాయమమ్మా. ఆయన మాటిచ్చాడు."

"ఆసుపత్రిలో నాకూ మాటిచ్చాడనే అనుకున్నా."

ప్రభుదాసు గ్లాసు తీసుకున్నారు గానీ తాగలేదు. "నీకు చెప్పటానికి నా దగ్గర ఇంకేమీ లేదు జ్ఞానమ్మా. నాకున్నదీ ఆ ఒక్క మాటే. దాన్ని పట్టుకునే మీ వాళ్ళందరినీ మట్టి చేస్తన్నా" అన్నారు.

"అది కూడా తప్పితే?"

"తప్పితే మనందరికంటే దౌర్భాగ్యులు ఇంకెవరూ ఉండరు."

ఆయన వెళ్ళాక టీ పారబోసి గ్లాసు కడిగింది. కడుగుతుండగా ఆమెకు ఒక సంగతి తట్టింది. పోతు ఇయ్యకపోతే తానూ మాట తప్పినట్టే. ఇద్దరూ తప్పినవాళ్ళే అయితే ఇంక ఎవరు ఎవర్ని నిలదీస్తారు? షారోనును లేపుతానన్నావు గదా అని అడగటానికి నోరెక్కడిది? ఆ మాట ఒక్కటే ఇంకా తేలకుండా ఉంది. దాన్ని మాత్రం ఆమె వదులుకోలేదు.

ఆదివారం పొద్దున్నే అవిశాకు కోసి పోతుకు వేసింది. బాలశౌరి మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆమె పలుపు విప్పుతుంటే, "పిల్ల చేత్తో పెంచింది అదొక్కటే మిగిలిందే" అన్నాడు, తల తిప్పకుండానే. గొంతులో కోపం లేదు. అందుకే ఆమె అక్కడ ఆగకుండా నడిచింది.

చర్చి గుమ్మానికి చెరుకుగడలు, అరటి గెలలు కట్టారు. బలిపీఠం దగ్గర పండుమిరప దండలు, బస్తాల్లో పత్తి, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఆరాధనయ్యాక సంఘపెద్ద దేవసహాయం మైకు అందుకున్నాడు.

"ఈ సొరకాయ చూడండి, మా బామ్మర్దంత ఉంది! పాటెంత? ఒరేయ్, సెల్లు జేబులో పెట్టి చెయ్యెత్తరా! ఏందమ్మా, రూపాయి రూపాయి పెంచుతున్నావు, దేవుడితో బేరమా?"

జనం నవ్వుతున్నారు. జ్ఞానమ్మ పోతుతో ముందుకు రాగానే ఆ నవ్వులు ఆగిపోయాయి. ఇచ్చేవాళ్ళు ఒక సాక్ష్యపు మాట చెప్పటం ఆనవాయితీ. దేవసహాయం తటపటాయించి మైకు ఆమె చేతికిచ్చాడు.

ఆమె జనం వైపు తిరగలేదు.

"ప్రభువా, కృతజ్ఞత అని తేలేదు. నాకు అది రావట్లా. ఇస్తానన్నా, తెచ్చా. నా మాట అయిపోయింది. ఇంక నీ మాటే ఉంది. నా బిడ్డను లేపుతానన్నావు. నేను మర్చిపోను. నువ్వు కూడా మర్చిపోమాక."

మైకు తిరిగిచ్చేసింది. ఎవరూ ఆమెన్ అనలేదు. కాసేపటికి ప్రభుదాసు ఒక్కరే అన్నారు, ప్రసంగం చేసే గొంతుతో కాదు, మామూలుగా.

వేలంపాట మొదలైంది. ఊరి రైతు చెన్నకేశవరావు ప్రతి ఏడూ ఈ వేలానికి వస్తాడు. ఆయనది వేరే దేవుడు, అయినా నాలుగు ఓట్లున్న చోట కుర్చీ వేసుకుని కూర్చోవటం ఆయనకు అలవాటు. కొందరు పోటీకి వచ్చారు గానీ ఆయన ముందు నిలవలేకపోయారు. పోతు ఆయన పేరున ఖాయమైంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"జ్ఞానమ్మా, నీ పోతును నువ్వే తీసుకెళ్ళు. చర్చికి డబ్బు నేను కడతా. పిల్ల పెంచుకున్నదంట గదా."

జనం చప్పట్లు కొట్టారు. దేవసహాయం మైకులో స్తోత్రం అన్నాడు. చెన్నకేశవరావు మంచిగానే అన్నాడని ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ఫరో వెచ్చటి వీపు మీద ఆమె చెయ్యి ఆగింది.

"వద్దు బాబుగారూ. ఇచ్చింది ఇచ్చిందే."

"ఏందమ్మా, నేనే ఇస్తంటే?"

"తీసుకెళ్తే నా మాట మళ్ళీ నా దొడ్లోకే వచ్చిద్ది. మీరు తోలుకెళ్ళండి."

చప్పట్లు కొట్టినవాళ్ళకు మొహం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. "పొగరు," అని వెనక ఎవరో అన్నారు. చెన్నకేశవరావు పాలేరు తమ తాడు తెచ్చి కట్టాడు. జ్ఞానమ్మ తన పలుపు విప్పుకుంది, అమ్మిన గొడ్డుతో పలుపు ఇవ్వరు. పాలేరు లాగాడు. పోతు నాలుగు కాళ్ళూ నేలకు తన్ని పెట్టి నిలబడిపోయింది. ఇంకొకడు వచ్చి కొమ్ములు పట్టాడు. కదల్లేదు.

"పో, ఫరో," అంది జ్ఞానమ్మ.

వెనక నుంచి రెండు చేతులూ పెట్టి నెట్టింది. ఆమె చేతులని తెలిసి అది నడిచింది. గుమ్మం దాటేదాకా ఆమే నెట్టాల్సి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి బాలశౌరి అరుగు మీద ఉన్నాడు. ఆమె చేతిలో ఒట్టి పలుపు చూశాడు.

"ఇచ్చావా?"

"ఇచ్చా."

"ఏమన్నాడు నీ దేవుడు?"

"ఏమన్లా."

"ఇంకేం తీసుకెళ్తావు వచ్చే వారం? ఇంట్లో ఏం మిగల్లా."

"ఉత్త చేతులతోనే పోతా. ఏదో ఒకటి చెప్పేదాకా పోతా."

అతను పలుపు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. విసిరేస్తాడనుకుంది. ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పుతూ కూర్చున్నాడు. అది షారోను వేసిన ముడి. గట్టిగా బిగుసుకుపోయి రావటం లేదు. ఎంతసేపటికీ రాకపోతే వదిలేసి, మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాడు.

తరువాతి ఆదివారం గంట కొట్టగానే జ్ఞానమ్మ తెల్లచీర కట్టుకుని ఒక్కతే వెళ్ళింది. వెనక వరసలో కూర్చుంది. పాటలప్పుడు నోరు తెరవలేదు. ప్రార్థనలో అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. ఆమె మాత్రం గురజాల రోడ్డు మీద బస్సు కోసం కూర్చున్న మనిషిలా, కళ్ళు తెరుచుకునే ఉంది.