వెయ్యి ఏడో నంబరు

ఆస్పత్రి ఫైళ్ళన్నీ ఉండే పెద్ద కంప్యూటర్, సర్వర్‌ను చూసుకుంటుందని అందరూ ఆమెను సర్వరమ్మ అనేవాళ్ళు. పన్నెండేళ్ళుగా ఎవరు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఎవరి కంప్యూటర్ బిగుసుకుపోయినా మోగేది ఆమె ఫోనే. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆమెకు లోలోపల నచ్చేది.

మంగళవారం పొద్దున్నే స్పీచ్ థెరపిస్టు ఫోన్ చేసింది. కాలు విరిగి మూడు వారాలుగా మంచం మీదుంది, ఆ రోజే ఇంటి నుంచి పని మొదలుపెట్టింది.

"అక్కా, లాగినవుతుంటే బయటికి నెట్టేస్తోంది. గురువారం కండక్టరు గారికి మిషన్ ఇవ్వాలి. ఆయన గొంతంతా నా ఫోల్డర్లోనే ఉంది."

కండక్టరు గారు సర్వరమ్మకూ తెలుసు. ముప్ఫై ఏళ్ళు బస్సులో అరిచి అరిచి రిటైరైన మనిషి. గొంతులో పుండు ముదిరితే రెండు నెలల కిందట స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కు ముందు వారం పాటు కూర్చోబెట్టి, థెరపిస్టు ఆయన చేత ఆరు గంటలు మాట్లాడించి రికార్డు చేసింది. ఆ మాటలు మిషన్‌లో ఎక్కిస్తే, ఇక ఆయన ఏం టైపు చేసినా అది ఆయన గొంతుతోనే పలుకుతుంది.

"అరగంటలో చేసిపెడతాలే, కంగారు పడకు" అంది సర్వరమ్మ.

అరగంట కాస్తా రోజున్నర అయింది. థెరపిస్టు ఇంటి కంప్యూటర్లో ఉన్న లాగిన్‌కు తాళంచెవిలా పనిచేసే ఫైలు తీయించి కొత్తది పెట్టించింది. అదీ పని చేయలేదు. చివరికి పాస్‌వర్డ్ మారిస్తే లాగిన్ అయింది గానీ ఫోల్డర్ తెరవబోతే 'అనుమతి లేదు' అంటోంది. ఆస్పత్రిలో థెరపిస్టు కంప్యూటర్ నుంచి సర్వరమ్మ ప్రయత్నించినా అదే పాట.

"నా ఫోల్డర్‌కి నాకే అనుమతి లేకపోవడమేంటక్కా? నేను నేనే కదా!"

బుధవారం మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తూ సర్వరమ్మ, ఆ ఫోల్డర్ సొంతదారు ఎవరా అని చూసింది. థెరపిస్టు పేరు లేదు. ఎక్స్‌రే గదిలో పనిచేసే పెద్దాయన పేరుంది.

మూత చేతిలోనే ఉండిపోయింది.

కంప్యూటర్ మనిషిని పేరుతో గుర్తుపెట్టుకోదు, నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. పాత సర్వర్లో థెరపిస్టు నంబరు వెయ్యి ఏడు. మూడు వారాల కిందట కొత్త సర్వర్ వచ్చినప్పుడు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని అందరినీ అక్షర క్రమంలో ఎక్కించింది సర్వరమ్మే. వెయ్యి ఏడు ఎక్స్‌రే పెద్దాయనకు పడింది. పాత డిస్కు తెచ్చి తగిలించగానే థెరపిస్టు ఫైళ్ళన్నీ ఆయనవైపోయాయి.

తన అధికారంతో ఫోల్డర్ తెరిచింది. లోపల ఒక్క ఫైలూ లేదు. అన్నం వదిలేసి ఎక్స్‌రే గదికి పరుగెత్తింది.

"బాబాయ్, మీ పేరు మీద ఏవో పెద్ద పెద్ద ఫైళ్ళు ఉండాలి..."

"అవా? డిస్కు నిండిపోయిందని గోల పెడుతుంటే పోయిన వారం నీకే ఫోన్ చేశాగా. 'మీ పేరు మీదుంటే మీవే బాబాయ్, అక్కర్లేకపోతే తీసేయండి' అన్నావు. తీసేశా. అప్పట్నుంచి కంప్యూటర్ గుర్రంలా పరుగెడుతోంది."

అన్న మాట గుర్తుంది. ఇంకో చెవి దగ్గర ఇంకో ఫోన్ ఉన్నప్పుడు అంది.

రోజూ కాపీలు తీసే ప్రోగ్రాం ఉంది కదా అని గదికి తిరిగొచ్చింది. అదీ థెరపిస్టు పేరుతోనే లోపలికి వెళ్ళేది, కాబట్టి దానికీ అనుమతి దొరకలేదు. ఉన్న పాత కాపీని తుడిచేసి, ఏమీ లేని కొత్త కాపీ పెట్టింది. 'పూర్తయింది, సున్నా ఫైళ్ళు' అని రోజూ మెయిల్ పంపింది. సర్వరమ్మ రోజూ మొదటి మాట వరకే చదివింది. చెరిగిన ఫైళ్ళను తవ్వి తీసే ప్రోగ్రాంతో సాయంత్రం దాకా డిస్కంతా గాలించింది. ఆ గొంతు ఉన్న చోట ఇప్పుడు ఎవరెవరివో పక్కటెముకలు, మోకాళ్ళు ఉన్నాయి.

రాత్రి థెరపిస్టుకు ఫోన్ చేసి విషయం చెప్పింది.

"మిగతావాళ్ళకి మిషన్లు ఎప్పుడో ఇచ్చేశాం. ఈయనొక్కడే మిగిలాడక్కా" అని పెట్టేసింది.

గురువారం కండక్టరు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడకు తెల్లగుడ్డ కట్టుకుని వచ్చాడు. పక్కన భార్య. సర్వరమ్మ వాళ్ళను కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. సిస్టమ్ మీద నెట్టలేదు.

"తప్పు నాదేనండీ."

"పోతే పోయాయిలే, మళ్ళీ ఆయనతో మాట్లాడించి..." అనబోయి భార్య టక్కున ఆగిపోయింది.

కాసేపటికి ఆవిడే తేరుకుని ఫోన్ తీసి వెతికింది. ఒకే ఒక్క వీడియో దొరికింది. వంటింట్లో కుళాయి కారుతోంది. మనిషి కనిపించడు గానీ కండక్టరు గారి గొంతు వినిపిస్తోంది: "తిప్పు, తిప్పు. అటు కాదే, ఇటు." పదకొండు సెకన్లు.

"ఇది సరిపోతుందామ్మా?"

"కనీసం గంటైనా కావాలండీ."

కండక్టరు గారు ఫోన్ అందుకుని, చెవికి ఆనించుకుని రెండుసార్లు విన్నాడు. తర్వాత ఒళ్ళో ఉన్న పలక మీద రాసి చూపించాడు. 'ఇంకోసారి వెతుకు తల్లీ.'

 "సరేనండీ" అని సర్వరమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. చెరిగిన ఫైళ్ళను తవ్వడానికి అప్పటికి తొమ్మిదిసార్లు నడిపిన ప్రోగ్రాంనే పదోసారి నడిపింది. వచ్చేది ఏమిటో తెలుసు, అదే వచ్చింది. గాజు తలుపు అవతల బెంచీ మీద మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇటే చూస్తూ కూర్చున్నారు. సర్వరమ్మ కుర్చీ తెర వైపు ఇంకాస్త జరుపుకుని, పదకొండోసారి నడిపింది.