మెన్నో పెట్టిన మధ్యాహ్నం

మెన్నో బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఒంటిగంటకు తెల్లవారేది. జర్మనీలోని ఎమ్డెన్ రేవు మీద సూర్యుడు ఎప్పుడొచ్చినా, అసలు రాకపోయినా, ముందుగదిలోని ఉప్పునీటి తొట్టిలో మాత్రం ఒంటిగంటకు నీలం దీపాలు, రెండింటికి తెల్ల దీపాలు వెలిగేవి. రాత్రి ఎనిమిదికి తెల్లవి ఆరేవి, తొమ్మిదికి నీలివి. ఓడలు దాటే లాకు గేట్ల దగ్గర పొద్దుటి షిఫ్టు చేసి మూడింటికి ఇల్లు చేరే మనిషి, ఆ తొట్టిలో పెంచుకునే పగడాలను కళ్లారా చూసుకోవడానికి వాటి పగటినే వెనక్కి జరిపాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా ఆ వేళలు మార్చలేదు. అలవాటైన ప్రాణులను తికమక పెట్టకూడదనేవాడు. పగడాల గురించి అంటున్నాడో తన గురించి అంటున్నాడో భార్య ఇమ్కెకు తెలిసేది కాదు.

దీపాలను వెలిగించి ఆర్పేది గోడ ప్లగ్గుకు తగిలించిన చిన్న టైమరు. తొమ్మిది కాగానే అది టక్కుమనేది. బడి వంటగదిలో పనికి తెల్లవారుజామునే వెళ్లాలి కాబట్టి ఇమ్కె ఎనిమిదిన్నరకే పడుకునేది, కానీ నిద్రపోయేది కాదు. గోడకు అవతల టక్కుమన్న అయిదు నిమిషాలకు వరండాలో మెన్నో చెప్పుల చప్పుడు వచ్చేది. అది విన్నాక కళ్లు మూసుకునేది. పంతొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

నవంబరులో, రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడినవాడు నిలబడినట్టే కూలిపోయాడు మెన్నో. గుండె ఆగిందన్నారు. అంత్యక్రియలైన రోజు తొమ్మిదికి టైమరు టక్కుమంది. ఇమ్కె పక్కమీద ఎదురుచూసింది. చెప్పుల చప్పుడు రాదని తెలిసీ ఎదురుచూసింది. మర్నాడు సాయంత్రం టైమరు పక్కనున్న చిన్న మీటను నొక్కి, దీపాలు ఎప్పటికీ వెలిగే ఉండేలా పెట్టేసింది. ఇక టక్కుమనదు.

మిగతా పనులన్నీ మెన్నో నేర్పినట్టే చేసింది. ఆవిరైన నీటికి సరిపడా మంచినీరు పోసింది, అద్దం తుడిచింది, చేపలకు మేత వేసింది. తొట్టిని కంటికి రెప్పలా చూసుకుంది. తొట్టి మధ్యలో కొమ్మలు కొమ్మలుగా ఊదారంగు పగడం ఒకటి ఉండేది. బొటనవేలంత ముక్కగా తెచ్చి, అడుగు వెడల్పుకు పెంచాడు మెన్నో. ఇమ్కెకు ఆయన మిగిల్చిపోయిన వాటన్నిటిలోకీ అదే ప్రాణం. వారాలు గడిచేకొద్దీ దాని ఊదా పలచబడింది, లేత గులాబీ అయింది, క్రిస్మసుకు ముందు తెల్లగా మెరిసిపోయింది. ఇమ్కె ఫొటో తీసి మెన్నో స్నేహితుడు వియార్డ్‌కు పంపింది. మంచు కురిసినట్టుంది చూడమని, మెన్నో ఉంటే ఎంత మురిసిపోయేవాడోనని కింద రాసింది.

వియార్డ్ ఒకప్పుడు ఓడల్లో ఎలక్ట్రీషియను. మెన్నోతోపాటు పగడాలు పెంచేవాళ్ల సంఘంలో ఉండేవాడు. మర్నాడు బడికి సెలవు. ఫలహారాల వేళకు ముందే వచ్చి, ఆ ఊరి పలకరింపు "మొయిన్" ఒక్కటే అని, బూట్లు కూడా విప్పకుండా తొట్టి దగ్గరికి నడిచాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వంగి టైమరును చూశాడు.

"ఇది ఎప్పటినుంచి ఇలా ఉంది?"

"అంత్యక్రియల మర్నాటి నుంచి."

వియార్డ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అది మంచు కాదు, ఇమ్కె. ఎముక. లోపలి ఎముక కనిపిస్తోంది."

అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన చాలా పాట్లు పడ్డాడు. పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురం ఉంటుందట. వెలుగు పడితే అది వండి పెడుతుంది, పగడం తింటుంది. రంగులో చాలా భాగం కూడా దానిదే. వెలుగంటే దానికి పని, చీకటంటే విశ్రాంతి.

"మెన్నోకు షిఫ్టు దిగితే ఇల్లుండేది. వీటిని నువ్వు అయిదు వారాలు గేటు దగ్గరే నిలబెట్టావు. నాచు పనివాళ్లు విసిగి వెళ్లిపోయారు."

"చీకట్లో ఒంటరిగా పెట్టకూడదనుకున్నాను," అంది ఇమ్కె. "చచ్చిపోయిందా?" అని అడిగింది.

"ఇంకా లేదు. ఆకలితో ఉంది."

ఇమ్కె టీ పెట్టింది. కప్పులో పటికబెల్లం ముక్క వేసి, పైన వేడి టీ పోస్తే అది చిటపటలాడింది. ఆ ఊళ్లో మూడు కప్పులకు తక్కువ తాగితే ఇంటివాళ్లను అవమానించినట్టే. ఆ మూడు కప్పుల మధ్య వియార్డ్ ఒక కవరు వెనక పగడాల దినచర్య రాశాడు. కారులోంచి తన దగ్గరున్న కొత్తరకం దీపం తెచ్చాడు. దాని వెలుగును ఎంత కావాలంటే అంతకు తగ్గించవచ్చు. మొదటి వారం నీలం మాత్రమే, నాలుగు గంటలు, అదీ అయిదో వంతు వెలుగు. తర్వాత తెల్ల దీపం ఒక్క గంట. ఆపైన ఆదివారం ఆదివారం అరగంట, కాస్తంత వెలుగు పెంచుకుంటూ పోవాలి. జాలిపడి ఒక్కసారిగా పెంచితే మళ్లీ కాలిపోతుందని రెండుసార్లు చెప్పాడు.

"దీని మధ్యాహ్నం ఎప్పుడు పెట్టమంటావు?" అని అడిగాడు.

"మధ్యాహ్నం మధ్యాహ్నానికేగా."

"తొట్టికి అలా ఏం లేదు. నీకు ఎప్పుడు చూడాలనుంటే అప్పుడే దాని మధ్యాహ్నం."

ఆ మాట ఇమ్కెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎప్పుడు చూడాలనుందో ఆమెకు తోచలేదు కూడా. "పగలు ఎంత చిన్నదైనా మెన్నో ఆర్పినప్పుడే ఆర్పు," అంది. "తొమ్మిదికి."

"ఈ దీపం అరగంటసేపు మెల్లగా తగ్గి ఆరుతుంది. టైమరులా టక్కుమనదు."

ఇమ్కె చేతిలో టీ కెటిల్ ఆగింది. అప్పుడు చెప్పింది, గోడ గురించి, చెప్పుల చప్పుడు గురించి, మీట ఎందుకు నొక్కిందో. వియార్డ్ కప్పు వైపే చూస్తూ విన్నాడు. మూడో కప్పు తాగి, ఇక చాలన్నట్టు చెంచా కప్పులో పెట్టాడు.

జనవరి అంతా ఇమ్కె ఆదివారం ఆదివారం తన చేత్తోనే దీపం పెంచి, కవరు మీద గీత పెట్టింది. పని అయితే క్రమంగా సాగింది, పగడం మాత్రం కోలుకోలేదు. మొదలు దగ్గర పాకుడు పట్టింది, అక్కణ్నుంచి కొమ్మలెక్కింది. ఫిబ్రవరి చివరి ఆదివారం వియార్డ్ టార్చి వేసి వెతికితే, వెనకవైపు రాయి చాటున వేలెడంత కొమ్మకు లేత గోధుమరంగు కనిపించింది. నీడలో ఉండి అదొక్కటీ బతికింది. మిగిలినదంతా సున్నపురాయి.

ఇక్కడే ఉంచితే పాకుడు దీన్నీ తినేస్తుందని, కోసి తన తొట్టికి తీసుకుపోతానని అన్నాడు వియార్డ్. ముక్కలు పంచుకోవడం వాళ్లలో ఆచారమే. ఒకరి తొట్టి పాడైతే ఇంకొకరి దగ్గర దాని బిడ్డ ఉంటుందని. ఆ మాట అంటూనే ఆయన ముఖం ఎర్రబడింది.

"నీకొకటి చెప్పాలి. మెన్నో ఈ పగడం నుంచి నాకిచ్చిన ముక్క ఇప్పుడు లేదు. కరెంటు పోయినప్పుడు పోయింది. ఆరేళ్లయింది. వాడు ఇంటికొచ్చినప్పుడల్లా ఇంకేదో ఊదా పగడం చూపించి ఇదేరా అనేవాణ్ని. అదే ఉండి ఉంటే ఈ రోజు నీకు..."

"ఆయనకు తెలుసు."

"ఏం తెలుసు?"

"వియార్డ్ దగ్గరున్నది మనది కాదు, అడిగి వాణ్ని ఇబ్బంది పెట్టకు అన్నాడు నాతో."

వియార్డ్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ముక్కు తుడుచుకుని, "దొంగ వెధవ," అన్నాడు. "ఆరేళ్లూ బాగా పెరిగిందిరా అని మెచ్చుకున్నాడు."

ఇమ్కె నీళ్లలోకి చెయ్యి పెట్టి కొమ్మను పట్టుకుంది, వియార్డ్ కత్తిరించాడు. చిన్న చప్పుడుతో తెగింది. మూత డబ్బాలో తొట్టి నీళ్లు పోసి దాన్ని అందులో పెట్టి, చలి తగలకుండా కోటు లోపల దాచుకున్నాడు. గుమ్మం దగ్గర ఇమ్కె అడిగింది.

"నీ తొట్టిలో చీకటి ఎప్పుడు?"

"ఏడింటికి."

"దీనికి తొమ్మిది అలవాటు."

"తెలుసు. రోజుకు పది నిమిషాలు జరుపుతాలే."

కోటు మీద చెయ్యి అదిమిపట్టుకుని ఆయన మెట్లు దిగాడు.

ఆ సాయంత్రం ఇమ్కె సొరుగులోంచి పాత టైమరు తీసింది. వియార్డ్ దీపం తీసి, మెన్నో పాత నీలం దీపాన్ని మళ్లీ తొట్టి మీద పెట్టి, ప్లగ్గును టైమరుకు తగిలించి, మీటను సరైన వైపుకు నొక్కింది. ఎనిమిదిన్నరకు పడుకోవడానికి వెళ్లలేదు. తెల్లటి కొమ్మల ముందు, మెన్నో కుర్చీలో కూర్చుంది. చేపలు రాళ్ల సందుల్లోకి సర్దుకుంటున్నాయి.

తొమ్మిదికి టక్కుమంది. గదంతా చీకటైంది.

అయిదు నిమిషాలు అలాగే కూర్చుని లేచింది. వరండాలో చెప్పులు ఈడ్చుకుంటూ మెల్లగా నడిచింది. గోడకు అవతల, పడకగదిలో ఎవరైనా పడుకుని ఉంటే ఆ చప్పుడు వినేవాళ్లు.