ఎవరు నడిపినప్పుడు ఆగింది?

మా కారు నా చేతిలో నాలుగుసార్లు ఆగిపోయింది. మా ఆయన చేతిలో ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎంత స్థిరపడిపోయిందంటే, పాల బూత్‌లో ప్యాకెట్లు ఇచ్చే అమ్మాయి కూడా నన్ను చూస్తే కారు క్షేమం అడిగేది.

మా ఆయన వెంకటేశ్వరరావు గారు. తణుకు నుంచి వచ్చి, ఇక్కడి మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఆయన్ని వదిలిందిగానీ ఆయన దాన్ని వదల్లేదు. నా పప్పులో ఉప్పు, నా ఫోను కబుర్ల నిడివి, ఆఖరికి నేను బట్టలు ఆరేసే తీరు, అన్నీ ఆయన తనిఖీకి రావాల్సిందే. యాభై ఒకటో ఏట నేను డ్రైవింగ్ నేర్చుకుంటానంటే నవ్వారు. నాకు లైసెన్సు మొదటిసారికే వచ్చింది. ఆయనకి రెండోసారికి గానీ రాలేదని మా అత్తగారే చెప్పారు. ఆ మాట నేను అవసరమైనప్పుడల్లా వాడుకుంటాను.

మా అమ్మాయి అమూల్య కాన్పుకి మా దగ్గరికి వచ్చింది. మా కాలనీ శామీర్‌పేట దాటాక, ఇంకా సగం ప్లాట్లు ఖాళీగా ఉన్న చోట. ఆస్పత్రి అల్వాల్‌లో. క్యాబు బుక్ చేస్తే డ్రైవరు ఫోన్ చేసి, ఎక్కడికి రావాలో విని, ఇంకేం మాట్లాడకుండా రద్దు చేస్తాడు. కాబట్టి పిల్లకి నొప్పులొస్తే మా కారే దిక్కు. మా ఆయన నడుం నొప్పని ఎనిమిది నెలలుగా దూరాలన్నీ నన్నే నడపమంటున్నారు. పొద్దున పాల బూత్ దాకా మాత్రం తానే తీసుకెళ్తారు.

మొదటి మూడుసార్లు కారులో నేనొక్కదాన్నే ఉన్నాను. నాలుగోసారి ఆగింది తూంకుంట దాటాక, మిట్టమధ్యాహ్నం, అమూల్య పక్కన ఉండగా. ఆక్సిలరేటర్ తొక్కుతుంటే లాగదు, రెండు కుదుపులు కుదుపుతుంది, ఇంజన్ చచ్చిపోతుంది. పావుగంట ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. ఆ పావుగంటా అమూల్య చున్నీతో విసురుకుంటూ, ఏం కాదులేమ్మా అని నాకే ధైర్యం చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం మా ఆయన తాళం తన దగ్గర పెట్టుకున్నారు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. క్లచ్ మీంచి కాలు తియ్యవు, బండిని అంటావు. నొప్పులొచ్చిన పిల్లని నీ చేతిలో పెట్టలేను. నేనే తీసుకెళ్తాను" అన్నారు.

దాన్ని కన్నది నేను. పురిట్లోంచి పెళ్లిపీటల దాకా నా చేతుల మీదే పెరిగింది. ఇప్పుడు దాన్ని నా చేతిలో పెట్టలేరట. ఆ రాత్రి నేను ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు మాట్లాడాను కానీ, కూరలో ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడగలేదు.

అంతకుముందే రెండు చోట్ల చూపించాం. ఒకరు డీజిల్ ఫిల్టర్ మార్చారు. ఇంకొకరు పంపు మొత్తం మార్చాలని చెప్పి, ఎందుకైనా మంచిదని, మేడం డ్రైవింగ్ కూడా కొంచెం చూసుకోవాలి సార్ అన్నారు. మా ఆయన నా వైపు చూసిన చూపు నేను ఇంకా దాచుకున్నాను. చివరికి పక్కింటి కామేశ్వరమ్మ గారు మేడ్చల్‌లో దేవేందర్ అనే మెకానిక్ ఉన్నాడని చెప్పి, అమూల్య దగ్గర తానుంటానన్నారు. కాన్పుకి ఇంకా పదిహేను రోజులుంది. మేడ్చల్ దాకా ఎవరు నడపాలన్న ప్రశ్న వచ్చేసరికి మా ఆయన నడుం పట్టుకుని, ఈ ఒక్కసారికి నన్నే నడపమన్నారు. నొప్పులొచ్చిన రోజున ఆ నడుం ఏమవుతుందని నేను అడగలేదు. పొద్దున్నే చల్లగా ఉండగా బయల్దేరాం. బండి బుద్ధిగా వచ్చింది.

బస్ డిపో వెనక రేకుల షెడ్డు దేవేందర్‌ది. నలభై ఏళ్లుంటాయి. మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. అతను బానెట్ ఎత్తలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, డాక్టరు రోగిని అడిగినట్టు అడగడం మొదలుపెట్టాడు. మొదటి ప్రశ్నే, ఎవరు నడిపినప్పుడు ఆగిందని. ఎప్పుడూ ఈవిడే అని మా ఆయన చప్పున చెప్పారు. ఏ టైముకి, ఎంత దూరం పోయాక, ఏసీ ఉందా అని అడిగితే నేను అన్నీ చెప్పాను. ప్రతిసారీ మధ్యాహ్నమే, ఇరవై నిమిషాలు నడిపాకే.

"మరి మీరెంత దూరం తోల్తరు సారూ?"

"అన్ని చోట్లకీ" అన్నారు మా ఆయన.

"పాల బూత్ దాకా. పొద్దున ఆరింటికి. రెండు నిమిషాలు" అన్నాను నేను.

రెండు నిమిషాలకి ఇంజన్ వేడి కూడా ఎక్కదని దేవేందర్ నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అతను స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి చూశాడు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయట. "సల్లగైనంక మంచిగనే చెప్తాంది. వేడి మీద జూడాలె. ఒకరు తోలాలె, నేను పక్కన గూసొని జూస్త. సారూ, మీ చేతిల ఆగదంటిరి గద, మీరే తోలుండ్రి" అన్నాడు. మా ఆయన కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. తర్వాత స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను.

షెడ్డు దాటి సర్వీస్ రోడ్డు ఎక్కేచోట ఎడమ పక్క నుంచి జామకాయల బండి నెట్టుకుంటూ ఒకామె వస్తోంది. మా ఆయన వేగం తగ్గించలేదు. దేవేందర్ హ్యాండ్‌బ్రేక్ లాగాడు. బండికీ మాకూ మధ్య జానెడు మిగిలింది. ఆమె మమ్మల్ని ఒకసారి చూసి, దొర్లిన కాయ తీసి కుప్ప మీద పెట్టి ముందుకెళ్లింది.

"ఏమైంది?" అన్నారు మా ఆయన.

ఆయనకి అప్పటికీ కనిపించలేదు. మొత్తం తల తిప్పాక కనిపించింది. భోజనం దగ్గర ఎడమ పక్క పెట్టిన మజ్జిగ గ్లాసు నెలకి మూడుసార్లు దొర్లించడం, ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకోవడం, నేను అటు నుంచి వస్తే ఉలిక్కిపడటం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వొలికిన మజ్జిగ తుడుస్తూ ప్రతిసారీ నేను ఆయన్ని విసుక్కున్నాను.

ఆయన నడుం పట్టేసిందంటూ దిగి వెనక సీట్లోకి వచ్చారు. "అమ్మా, మీరు కూసోండ్రి" అన్నాడు దేవేందర్.

నిజామాబాద్ రోడ్డు మీద అటూ ఇటూ పాతిక నిమిషాలు నడిపాను. ఎండ చుర్రుమంటోంది. డబిల్‌పూర్ దాటాక బండి లాగడం మానేసింది. ఒక కుదుపు, రెండో కుదుపు. నాకిది ఐదోసారి. ఇండికేటర్ వేసి, అద్దంలో లారీని చూసుకుని, ఉన్న ఊపుతోనే ఎడమకి తెచ్చి మట్టి మీద ఆపాను. దేవేందర్ స్కానర్ మీంచి తలెత్తి, గింత నిమ్మలంగా ఆపెటోళ్లను తక్కువ చూశానన్నాడు. వెనక సీట్లో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

రెండు నిమిషాలు ఆగాక అతను స్కానర్ మా ఇద్దరికీ చూపించాడు. "ఇంజన్ బందున్నది. పైపుల డీజిల్ ప్రెషర్ ఇగ సున్నా ఉండాలె. గిది మూడొందల నలభై అంటాంది. వేడెక్కితే గీ సెన్సార్ అబద్ధం చెప్తాంది. ప్రెషర్ ఎక్కువైందనుకొని కంప్యూటర్ డీజిల్ తగ్గిస్తాంది. బండి ఆకలికి పడిపోతాంది."

బానెట్ ఎత్తి ఆ సెన్సార్ వైరు ఊడదీశాడు. తాళం తిప్పమన్నాడు. పావుగంట ఆగక్కర్లేకుండా బండి స్టార్టయింది. అది చెప్పేది వినకపోతే, కంప్యూటర్ తన అంచనాతో మెల్లగానైనా నడిపిస్తుందట. పంపుకి ఏ రోగమూ లేదు. నా కాలికీ లేదు.

"ముందు కొలిచే పరికరాన్ని పరీక్షించాలి. ముప్పై ఏళ్లు నేను అందరికీ చెప్పింది ఇదే" అన్నారు మా ఆయన మెల్లగా.

కొత్త సెన్సార్ సూరారం నుంచి రావాలి. గంట పడుతుందని చెప్పి దేవేందర్ ఇంకో బండి కిందికి దూరాడు. మేం బల్ల మీద కూర్చున్నాం. ఆయన్ని కడిగేయడానికి పది రోజులుగా పొయ్యి దగ్గర నిలబడి మాటలు పేర్చుకున్నాను. కొన్ని చాలా బాగా కుదిరాయి కూడా. ఒక్కటీ నోటికి రాలేదు.

"డాక్టరుకి చూపించారా?" అని మాత్రం అడిగాను.

"ఎనిమిది నెలలైంది. ఎడమ పక్క చూపు పోయింది మణీ. పోయింది రాదట. ఉన్నది నిలబడాలని చుక్కలు వేసుకుంటున్నాను."

దుమ్ము పడదని చెప్పి వేసుకునే చుక్కలు అవే. ఆ సీసా రోజూ నేనే అలమరలో సర్దుతాను. దాని మీద ఏం రాసుందో ఒక్కనాడూ చదవలేదు.

"అది సరే. మరి నన్నెందుకన్నారు ఆ మాట?"

"నీ వల్లే ఆగుతోందని అనుకోవాలనిపించింది. నువ్వు కూడా మానేస్తే కారే మూలపడుతుంది, నేను మానేసిన సంగతి ఎవరికీ కనపడదు కదా" అన్నారు. ఆ తర్వాత, "పొద్దున పాల బూత్ దాకా వెళ్లేది కూడా, రేపటికి ఇంకా నడపగలనా అని చూసుకోవడానికే" అన్నారు.

కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. ఎవరి మీదికైనా కారు ఎక్కించి ఉంటే ఏమయ్యేదని అడిగాను. ఆయన తల వంచుకున్నారు. కానీ కోపం కంటే ఎక్కువ జాలేసింది, జాలి కంటే ఎక్కువ ప్రేమ కలిగింది. ప్రతి వస్తువునీ తనిఖీ చేసే మనిషి, తన కన్ను పోతోందని ఎనిమిది నెలలు ఒక్కడే రోజూ తనిఖీ చేసుకున్నాడు. నాకు చెప్పి ఉంటే ఇద్దరం కలిసి భయపడేవాళ్లం. నేను లేచి ఆయన ఎడమ పక్కకి వెళ్లి కూర్చున్నాను. నేను అక్కడ ఉన్నట్టు తెలియాలని చెయ్యి పట్టుకున్నాను.

సెన్సార్ మార్చాక దేవేందర్ మళ్లీ ఎండలో తిప్పి చూశాడు. ఎంత వేడెక్కినా, ఇంజన్ ఆపితే అంకె సున్నాకి వచ్చింది. ఇంటికి నేనే నడిపాను. ఆయన పక్కన కూర్చున్నారు. దారిలో అమూల్య ఫోన్ చేస్తే ఆయనే తీశారు.

"బాగైందమ్మా. చిన్న సెన్సారు. మీ అమ్మ తప్పేమీ లేదు, నేనే తప్పుగా అన్నాను. నిన్ను ఆస్పత్రికి అమ్మే తీసుకెళ్తుంది. నాకు ఒక పక్క కనపడటం లేదు తల్లీ, ఇంటికొచ్చి చెప్తాను... లేదు, భయమేం లేదు. అమ్మ నడుపుతోందిగా."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పులు పడే పిల్లని పెట్టుకుని నడపాల్సినదాన్ని, ఇంత మాటకే దారి మసకబారితే ఎలాగని నన్ను నేనే తిట్టుకున్నాను. రెండుసార్లు రెప్పలు గట్టిగా ఆర్పి, గేరు మార్చి, ముందున్న లారీకి కాస్త ఎడంగా పోనిచ్చాను.