అత్తగారు, కోడలు, తొమ్మిది మలుపులు

మా షెడ్డులో రెండు ఇటలీ బళ్లున్నాయి. రెండూ ఎరుపే, రెండూ ఒకే కంపెనీవే, మధ్యలో పాతికేళ్ల తేడా. పాతది నాది. లేత్ మెషీన్ మీద పనిచేసే మా మేనమామ నాకు దానిమీదే నేర్పించి, తన మోకాళ్లు మొరాయించాక నా చేతికిచ్చేశాడు. కొత్తది మా ఆయనది. మా పెళ్లై నలభై రోజులు. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, పక్కపక్కన నిలబడ్డ ఆ రెంటినీ చూస్తే చాలు, నాకు నవ్వాగదు.

పాతదానికి తను పెట్టిన పేరు అత్తగారు. స్టార్ట్ చేస్తే దాని క్లచ్, ఎవరిమీదో కోపంతో గిన్నెలు తోముతున్నట్టు గలగలమంటుంది. అద్దాల్లో ఏదీ కుదురుగా కనిపించదు. ట్యాంకు కింద పెట్రోలు ట్యాపు చేత్తో తిప్పకపోతే కాస్త దూరం వెళ్లి అలిగి కూర్చుంటుంది. కొత్తది కోడలు. బటన్ నొక్కగానే పలుకుతుంది. ట్యాపూ గీపూ ఏమీ ఉండవు. బ్రేకు గట్టిగా పడి చక్రం జారబోతే, దానంతటదే పట్టు సడలించి సర్దుకుంటుంది.

"కోడలు నోరెత్తదు, పని చేసుకుపోతుంది," అనేవాడు తను.

"నోరెత్తని కోడలి మనసులో ఏముందో ఎవరికి తెలుసు?" అనేదాన్ని నేను.

ఆ ఆదివారం పందెం వేసుకున్నాం. ఎవరి బండి మీద వాళ్లం తొమ్మిది మలుపుల కొండెక్కాలి. పైన టీ తాగి బళ్లు మార్చుకుని దిగాలి. కిందకొచ్చాక మార్కులు వేయాలి. శబ్దానికి పది, సీటుకి పది, బ్రేకుకి ఇరవై. తను ఒక అట్టముక్క మీద గళ్లు గీసి జేబులో పెట్టుకున్నాడు. ఆ గళ్లు వంకరగా ఉన్నాయని దారంతా హెల్మెట్ లోపల నాలో నేనే నవ్వుకున్నాను.

కొండమీద గాలి బరువుగా ఉంది. లోయ మీద మబ్బు కదలకుండా పడుకుని ఉంది. టీకొట్టు అక్క ఒక్కటే కప్పు ఇమ్మన్నామని మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఒక్క కప్పేంటి తల్లీ, ఎంగిలి కూడా పంచుకోవాలా?"

"కొత్తగా పెళ్లైంది కదక్కా, ఇంకొన్నాళ్లు ఇంతే," అన్నాడు తను.

గ్లౌజులు ఒకదాంట్లో ఒకటి దోపి నా ఒళ్లో పెట్టాడు. ఫొటో తియ్యమని ఫోను కూడా ఇచ్చి, పాత బండి మీద కాలేసి కూర్చున్నాడు. అప్పుడే తెర మీద కోడలి కబురు వచ్చింది. బండి ఆగిన ప్రతిసారీ ఫోనుకి లెక్క పంపుతుందట. దూరం ఇంత, సమయం ఇంత. దాని కింద, బ్రేకు సర్దుబాట్లు పదకొండు.

కొండెక్కడంలోనే పదకొండు.

వేలితో కిందకి జరిపాను. ఈ నలభై రోజుల్లో రెండొందల పద్నాలుగు. చక్రం జారబోయిన రెండొందల పద్నాలుగు సార్లు, తనకి తెలియకుండా కోడలు పట్టుకుంది. "ఆరేళ్లుగా నడుపుతున్నా, ఒక్కసారి కూడా జారలేదు, చేతిపట్టు అలాంటిది" అని తను అన్న ప్రతిసారీ నేను మురిసిపోయాను. అత్తగారికి పట్టుకోవడం రాదు. మామయ్య మొదటి పాఠమే అది. "రెండు వేళ్లమ్మా, బ్రేకు మీద రెండే వేళ్లు. పిడికిలి బిగించావో, కింద పడ్డావే."

తల ఎత్తి చూశాను. తను నా బండి బ్రేకుని పిడికిలితో నొక్కి చూస్తున్నాడు. నాలుగు వేళ్లతోనూ.

తారు మీద మొదటి చినుకులు పడ్డాయి.

"వాన వచ్చేలా ఉంది, ఈసారికి మార్చుకోవద్దులే," అన్నాను.

"అల్లుడికి అత్తగారిని అప్పజెప్పడానికి అంత బెంగా?"

టీకొట్టు అక్క పకపకా నవ్వింది. ఆమె ముందు ఆ అంకె చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిన్నటిదాకా నా కళ్లకి ఆకాశమంత ఉన్నవాణ్ని అందరి ముందూ ఎలా చిన్నబుచ్చను? తను డబ్బులివ్వడానికి బండి దిగి అటు తిరగగానే, వంగి ట్యాపు కట్టేశాను. టీకొట్టు నుంచి మొదటి మలుపుకి కిలోమీటరు పైనే చదును రోడ్డు. లోపల మిగిలిన పెట్రోలు అక్కడికే అయిపోతుంది. బండి ఆగుతుంది. అత్తగారు అలిగిందని నవ్వుకుని మళ్లీ మార్చుకుంటాం. కోడలికి అలవాటుపడ్డ మనిషికి ట్యాపు గుర్తురాదని నాకు తెలుసు.

నాకు తట్టనిది ఒక్కటే. నా బండి కదా అని, తను దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు నడిపాడు. అంత నెమ్మదిగా వెళ్తే పెట్రోలు ఎంతకీ తరగదు. చదును అయిపోయింది. నా ముందు వెళ్తున్న గలగల ఆగలేదు. మొదటి మలుపు తిరిగి, చెట్ల వెనక్కి వెళ్లింది.

అక్కడ ఆగింది.

ఆ నిశ్శబ్దంలోకి కొత్త బండిని ఎలా తోలానో గుర్తులేదు. తడి రోడ్డు మీద నల్లటి గీత ఒకటి, మధ్య నుంచి అంచు దాకా. గీత చివర నా బండి రోడ్డంచు రాళ్లకి ఆనుకుని పడుంది. తను రాయి మీద కూర్చుని మోచెయ్యి పట్టుకున్నాడు. రాయికి అవతల ఏమీ లేదు, మబ్బు తప్ప.

"సారీరా. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. కంగారులో బ్రేకు నొక్కేశా. మీ మామయ్య బండిని నాశనం చేశానేమో."

కలిసి బండి లేపాం. వంగి ట్యాపు తిప్పాను. తను చూశాడు.

"అదేంటి, ట్యాపు కట్టేసుందా?"

చెప్పాను. ట్యాపు సంగతీ చెప్పాను, అంకె కూడా చెప్పాను. ఫోను తీసుకుని ఆ అంకె చూశాడు. నవ్వుతాడనుకున్నాను.

"పడిపోతానని తెలిసి, పడేలా నువ్వే చేశావా?"

"ఆపుదామని..."

"ఆగమని నోటితో చెప్పొచ్చుగా."

కొత్త బండి ఎక్కి ఎడమ బొటనవేలితో ఒక బటన్ నొక్కి పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. అద్దాల పక్కన చిన్న పసుపు దీపం వెలిగి, ఆరకుండా నిలిచిపోయింది. కోడల్ని నోరు మూసుకోమన్నాడు. ఇక అది ఏదీ పట్టుకోదు.

"వద్దు," అని అరిచాను. హెల్మెట్ అప్పటికే పెట్టేసుకున్నాడు.

అత్తగారు రెండో కిక్కుకి అందుకుంది. తనకంటే ముందు రోడ్డు మధ్యకి వచ్చి, సైకిల్ వేగంతో దిగడం మొదలుపెట్టాను. వెనక నుంచి హారన్ మోగింది. కుడికి వస్తే కుడికి, ఎడమకి వస్తే ఎడమకి జరిగాను. బ్రేకు మీద రెండే వేళ్లు. నా అద్దంలో ఏదీ కుదురుగా కనిపించదు. ఎర్రటి చుక్క ఒకటి మాత్రం వణుకుతూ ఉంది.

రెండో మలుపు తిరిగి చూశాను. ఉంది. మూడోది తిరిగి చూశాను. హారన్ ఆగింది గానీ, చుక్క ఉంది.

ఇంకా ఆరున్నాయి.